గోడకేసి తిప్పిన సాన్ ఇసిద్రో

"రేపు పొద్దున ఒదీలియాని ఎవరు తీసుకెళ్తారు?"

అమరాంతె కింతానా మళ్లీ అదే అడిగాడు. చేతులకు బేడీలున్నాయి. గోళ్ల సందుల్లో నిన్నటి బురద ఇంకా ఎండి ఉంది. అడిగినదానికి జవాబు చెప్పడం, వెంటనే ఈ ప్రశ్న వేయడం, ఇందాకటి నుంచీ ఇదే వరస.

డెల్ఫీనా అరగోన్ కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. న్యూ మెక్సికో రాష్ట్ర పోలీసు శాఖలో ఇన్నేళ్లుగా హత్య కేసులు చూస్తున్నా, ఒకచోట కుదురుగా కూర్చుని ప్రశ్నించడం ఆమెకు ఇప్పటికీ అలవాటు కాలేదు. అందులోనూ ఇది ఒహీతోస్ ఊరి కాలువ సంఘం వాళ్లు సమావేశాలు పెట్టుకునే గది. ఎటు తిరిగినా మడత కుర్చీలు కాళ్లకు అడ్డం వస్తున్నాయి.

"నేను చంపలేదు అని ఒక్కసారి కూడా అనవేం?"

"రాత్రంతా కెప్టెన్‌కి అదే చెప్పానమ్మా. గోడకి చెప్పినా ఈపాటికి బీటలిచ్చేది. అందుకే పనికొచ్చే మాట అడుగుతున్నా. నా పెళ్లానికి రేపు డయాలిసిస్. బండి నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. రేపు తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, ఎల్లుండికి ఊపిరి అందదు."

"ఎలిసియోని కాలువలో ముంచుతానని నలుగురిలో అన్నావా లేదా?"

"అన్నాను. ఈ ఊళ్లో ఆ మాట అనని మగాడెవడో చూపించండి. ఆయన నీరుగంటి. నీరుగంటిని తిట్టకపోతే నీళ్లు పొలానికి ఎక్కవు."

ఎలిసియో మస్కరేన్యాస్ ముప్పై ఏళ్లుగా ఆ కాలువకి మయోర్దోమో, అంటే నీరుగంటి. ఎవరి తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఆయన మాటే శాసనం. ఏప్రిల్ తర్వాత మొదటి వాన నిన్న మధ్యాహ్నం పడింది. పొద్దుగూకేవేళకి రోడ్డు కింది గొట్టంలో ఆయన శవం అడ్డుపడి దొరికింది. తల వెనక పార అంచుతో కొట్టిన దెబ్బ. చంపింది ఆ దెబ్బే గాని నీళ్లు కాదన్నాడు డాక్టరు. కానీ అంతసేపు చల్లటి వరదలో నానిన శవానికి సరైన వేళ చెప్పలేనన్నాడు. రెండుకీ ఐదుకీ మధ్య, అంతే.

ఆ మూడు గంటల మధ్యలోనే అమరాంతె మెడ ఇరుక్కుంది.

"వాన పడ్డాక పై తూము దగ్గర పార పట్టుకుని నిలబడ్డావు. ఇద్దరు చూశారు. అక్కడ నీకేం పని?"

"ఆసుపత్రి నుంచి వస్తూ వంతెన మీంచి చూశాను. కాలువ ఎర్రగా పొంగుతోంది. పై తూము పలక ఎత్తే ఉంది! ఎలిసియో ఉంటే వాన వాసనకే దించేసేవాడు. ఒదీలియాని బండిలోనే ఉంచి పరిగెత్తాను. అరిచాను, పలకలేదు. ఇక నేనే దించాను. లేకపోతే గట్టు తెగి కింది వాడంతా మునిగిపోయేది."

"నీరుగంటి పలక మీద నువ్వు చెయ్యి వేశావా?"

అమరాంతె తల దించుకున్నాడు. చంపావా అని అడిగినప్పుడు కూడా అతను అలా దించుకోలేదు.

"వేశాను. ఆయన బతికుండగా ఇంకొకడు దాన్ని ముట్టుకోలేదు. ఆయనొస్తే ఏం తిడతాడో అని భయపడుతూనే దించాను."

ఎస్పన్యోలా ఆసుపత్రి నర్సుతో డెల్ఫీనా పొద్దున్నే మాట్లాడింది. నిన్న పొద్దుటి నుంచి మూడున్నర దాకా అమరాంతె పెళ్లాం మంచం పక్కనే ఉన్నాడు. ఊళ్లో వాన మూడుంబావుకి మొదలైంది. ఎలిసియో వానకి ముందు పోయాడా, తర్వాతా? అది తేలితే చాలు, ఈ బేడీలు ఉండాలో ఊడాలో తేలిపోతుంది.

తలుపు తోసుకుని కెప్టెన్ ఒర్లాండో బెనవీదెస్ వచ్చాడు. చేతిలో సగం తిన్న బరీటో, చంకలో టోపీ. షెరీఫ్ ఆఫీసులో రెండో మనిషి. నవంబరు ఎన్నికల తర్వాత మొదటి మనిషి అవుతాడని అందరూ అంటున్నారు. డెల్ఫీనా, అతనూ పోలీసు శిక్షణలో ఒకే జట్టు. అప్పటినుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"అయిందా పురాణం? ఐదింటికి బండి వస్తోంది. వీణ్ణి జిల్లా జైలుకి పంపిస్తున్నా."

"రేపటిదాకా ఆగు."

"ఎందుకు? రాష్ట్రం వాళ్లకి ఫోటోల్లో పడటానికి ఇంకో రోజు కావాలా?"

"ఎలిసియో వానకి ముందే పోయి ఉంటే?"

"అత్తకి మీసాలొస్తే మామా అంటాం. వచ్చాయా?" అతను బరీటో కాగితాన్ని ఉండచుట్టి బుట్టలోకి విసిరాడు. గురి తప్పింది. వంగి తీసి మళ్లీ వేశాడు. లేచాక గొంతు మారింది. "చూడు అరగోన్. నాది ఈ ఊరే. జ్ఞానస్నానానికి నన్ను చేతుల మీద ఎత్తుకున్నవాడు ఎలిసియో. నా జ్ఞానతండ్రి. నిన్న ఆ గొట్టంలోంచి కాళ్లు పట్టుకుని లాగింది నేనే. నువ్వు చెప్పే గడియారం లెక్కలు నాకొద్దు."

బయట కొండల మీద మళ్లీ ఉరిమింది. డెల్ఫీనా బండి తాళాలు తీసుకుంది.

*

ఎలిసియో ఇంటి పక్కిల్లు దోన్యా క్లియోఫాస్‌ది. ఆవిడ వరండాలో బీన్సు ఏరుతోంది. డెల్ఫీనా బండి దిగగానే, "కూర్చో అమ్మాయ్. నిలబడి అడిగితే నిలబడే చెప్తాను, నాకు మోకాళ్లు నొప్పి" అంది.

డెల్ఫీనా కూర్చుంది. వెంటనే లేచింది. మళ్లీ కూర్చుంది.

"ఏమ్మా, బల్ల మీద చీమలున్నాయా?"

"లేవు. నిన్న ఎలిసియోని ఎప్పుడు చూశారు?"

"మధ్యాహ్నం. గిన్నెలో బీన్సు పట్టుకెళ్లాను. వెళ్లేసరికి ఆయన సాంతోతో గొడవపడుతున్నాడు."

సాంతో అంటే ఎలిసియో ముందుగదిలోని చెక్క బొమ్మ. రైతుల సాధువు సాన్ ఇసిద్రో, ముందు రెండు చిన్న ఎడ్లు, వాటి వెనక నాగలి పట్టిన దేవదూత. డెల్ఫీనా పొద్దున గది ఫోటోలు తీసినప్పుడు ఆ బొమ్మ గోడకేసి తిరిగి ఉంది. ఎందుకో ఆమెకి తెలుసు. వాళ్ల అవ్వ కూడా మాట వినని సాధువుల్ని గోడకేసి నిలబెట్టేది. ఒకసారి సాన్ అంతోనియోని మూడు వారాలు పెట్టెలో వేసి మూత పెట్టింది. కానీ ఎలిసియో ఆ శిక్ష ఎప్పుడు వేశాడో, నెల కిందటో నిన్ననో, అడగాలని ఆమెకి తట్టనేలేదు.

"నిన్ననే తిప్పాడా? మీ ముందే?"

"నా ముందే. ఏం తిట్లనుకున్నావ్! 'మే నెలలో నిన్ను భుజాల మీద మోశాం. పొలాలన్నీ చూపించాం. కొత్త కోటు కుట్టించాం. ఒక్క చుక్క రాల్చావా? పో. గోడ చూస్తూ నిలబడు. వాన పడేదాకా నీ మొహం నాకు చూపించకు' అన్నాడు. పాపం, ఇసిద్రో ఏం చేస్తాడు, ఆయన చేతిలో మాత్రం ఏముంది? అదే అన్నాను. 'నువ్వు వెనకేసుకురాకు క్లియోఫాస్' అని నామీద ఎగిరాడు."

"మరి వాన మొదలయ్యాక?"

"మొదటి చుక్కకే తిప్పాలి కదా! అది కూడా నేను చెప్పాలా నీకు? ఒక ఏడాది స్నానం చేస్తున్నవాడు తువ్వాలు చుట్టుకుని తూము గట్టు మీంచి పరిగెత్తుకొచ్చాడు. అది కూడా సరిగ్గా చుట్టుకోలేదు. నేను కళ్లు మూసుకున్నాననుకో." ఆవిడ నవ్వబోయి ఆగింది. బీన్సులోంచి ఏరిన రాయి చేతిలోనే ఉండిపోయింది. "అమ్మాయ్... ఏమిటి, సాంతో ఇంకా గోడకేసే ఉన్నాడా?"

డెల్ఫీనా పక్కగోడ మీంచి ఎలిసియో పెరట్లోకి చూసింది. కొట్టం రేకు కప్పు మీద గుడ్డ పరిచి ఉంది. దాని మీద ఎండబెట్టిన ఆప్రికాట్ ముక్కలు. నీళ్లు తాగి ఉబ్బి, జారి, సగం చూరు కింద బురదలో పడ్డాయి. వరసలు వరసలుగా, ముక్కకి ముక్క తగలకుండా పరిచిన చెయ్యి వాటిని వానకి వదిలేసింది.

"ఆప్రికాట్లు రోజూ ఎవరు ఎత్తేవారు?"

"ఆయనే. మబ్బు పడితే చాలు నిచ్చెన వేసేవాడు. పెళ్లాం పోయాక ఆవిడ పనులన్నీ ఆవిడకంటే చాదస్తంగా చేసేవాడు."

"ఇంకెవరైనా వచ్చారా నిన్న? మీరు వెళ్లాక, వానకి ముందు?"

"నేను పడుకున్నాను తల్లీ. ఎండకి కళ్లు మూతలు పడ్డాయి. ఉరిమితేనే లేచాను."

డెల్ఫీనా ఫోన్ తీసి కెప్టెన్‌కి చేసింది. "నీ జ్ఞానతండ్రి ఇంటికి రా. ఇప్పుడే. ఐదింటి బండి గురించి తర్వాత మాట్లాడుకుందాం."

*

"అంటే కోర్టులో చెక్కబొమ్మ చేత ప్రమాణం చేయిస్తావా?" అన్నాడు ఒర్లాండో. ముందు తలుపు మీద అంటించిన సీలు కోశాడు. "వరద వస్తుంటే నీరుగంటి తూము దగ్గరికి పరిగెత్తుతాడా, బొమ్మ దగ్గరికా?"

"వాన ముందు వస్తుంది, వరద తర్వాత వస్తుంది. ఆ మధ్యలో నీళ్లు కొండ దిగాలి. మీ ఊరివాడివి, నేను చెప్పాలా? తూము నుంచి ఇంటికి ఎంత దూరం? పిలిస్తే పలికేంత. అతను బొమ్మని తిప్పలేదు, ఆప్రికాట్లు ఎత్తలేదు, తూము పలక దించలేదు. ఒక్కటి మరిచిపోతే ముసలితనం అందాం. మూడూనా?"

ఆ మాట ఒర్లాండోని తాకిందని ఆమెకి తెలిసింది. అతను తలుపు తోశాడు.

సాన్ ఇసిద్రో వాళ్లిద్దరినీ చూస్తున్నాడు.

నల్ల టోపీ, నీలం కోటు, గుండ్రటి పెయింటు కళ్లు. గోడకి వీపు, గదికి మొహం. ఎడ్లూ దేవదూతా కూడా ఇటే తిరిగి ఉన్నాయి.

ఒర్లాండో మొదట నవ్వాడు.

"ఇదేనా నీ సాక్షి? మన మొహాలే చూస్తున్నాడు. వాన పడ్డాక ఎలిసియో వచ్చి తిప్పాడు, తర్వాత తూము దగ్గరికి వెళ్లాడు, అక్కడ కింతానా కొట్టాడు. థాంక్స్ అరగోన్, నా కేసు నువ్వే గట్టిపరిచావు."

ఆమె ఫోన్ అతని కళ్ల ముందు పెట్టింది. పొద్దున తను తీసిన ఫోటో. బల్ల, కొవ్వొత్తి దిమ్మ, గోడకేసి తిరిగిన నీలం కోటు వీపు.

"ఇది పొద్దున తొమ్మిదింటికి. తీశాక సీలు వేసింది నీ మనుషులే."

ఒర్లాండో ఫోన్ చేతిలోకి తీసుకుని ఫోటో పెద్దది చేసి చూశాడు. తిరిగి ఇచ్చాడు. గదిలో అటూ ఇటూ నడిచాడు. ఇప్పుడు కాలు నిలవనిది అతనికి.

"కిటికీలు?"

"గడియలు వేసే ఉన్నాయి."

"వంటింటి తలుపు?"

డెల్ఫీనా అప్పటికే అక్కడికి వెళ్లింది. తాళం పగలలేదు. గీత కూడా లేదు. "తాళంచెవి ఉన్న మనిషే. దొంగ అయితే రేడియో అయినా పట్టుకుపోయేవాడు. వీడు పోలీసు సీలున్న ఇంట్లోకి పట్టపగలు వచ్చి, ఒక్క బొమ్మని తిప్పి, మళ్లీ తాళం వేసుకుని వెళ్లాడు. ఎందుకు?"

"భక్తి ముదిరినవాడెవడో."

"అవును. వాన కురిపించిన సాధువు ఇంకా శిక్షలో ఉంటే భరించలేనివాడు. అది మనలో సగంమంది. కానీ ఒర్లాండో, ఈ బొమ్మ గోడకేసి ఉందని ఎవరికి తెలుసు? నిన్న మధ్యాహ్నం తిప్పాడు. క్లియోఫాస్ చూసింది. ఆవిడ నిన్నటి నుంచీ ఈ గడప తొక్కలేదు. ఇంకా గోడకేసే ఉన్నాడని నా మొహం చూశాకే తెలుసుకుంది. తర్వాత మన పోలీసులు చూశారు. ఇంకెవరు? మధ్యాహ్నానికీ వానకీ మధ్య ఈ గదిలో నిలబడ్డవాడు. ఎలిసియో తిప్పడానికి రాలేదని తెలిసినవాడు."

ఒర్లాండో వినడం లేదు. అతను బొమ్మ ముందు వంగి ఉన్నాడు.

డెల్ఫీనా పక్కకి వచ్చి చూసింది. రెండు ఎడ్ల నొసళ్ల మీదా ఎర్రటి మచ్చలు. బొటనవేలితో అద్దిన బురద. మధ్యలో ఇంకా తడి ఉంది, అంచుల్లో ఎండుతోంది.

"ఇదేమిటి? మా లోయలో ఇలా చెయ్యరు. మీ ఊరి అలవాటా?"

"కాదు."

"మరి?"

"గోడ కారినట్టుంది." అతను జేబురుమాలు తీశాడు. "రేకు కప్పు. ఎప్పుడూ కారేది."

"ఒర్లాండో, దాన్ని ముట్టుకోకు."

"తడి, అంతే. చెక్క పాడవుతుంది." రుమాలు మొదటి ఎద్దు నొసటికి చేరేలోగా అతని కుడిచెయ్యి తనంతట తనే నుదుటికి వెళ్లి, గుండెకి వచ్చి, రెండు భుజాలకీ తాకింది. శిలువ గుర్తు వేసుకున్నానని అతనికి తెలిసినట్టు లేదు. శిక్షణ రోజుల్లో చర్చి ముందు నుంచి వెళ్తూ కూడా టోపీ తీయని మనిషి.

వంటింటి తలుపులో తాళం తిరిగింది.

లోపలికొచ్చిన ముసలాయన ఇద్దరినీ చూసి ఆగాడు. బలమైన భుజాలు, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. కాలువ సంఘం అధ్యక్షుడు దోన్ ఫకుందో బెనవీదెస్. ఒర్లాండో తండ్రి. పొద్దున డెల్ఫీనాకి సంఘం గది తెరిచి ఇచ్చిందీ, కాఫీ పెట్టించిందీ ఆయనే.

"ఎలిసియోని సమాధి చేసేప్పుడు తొడగడానికి సూటు తీసుకెళ్దామని వచ్చాను. మంచిది బీరువాలో ఉంది, తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరొకటి ఉంటుంది. మీరున్నారనుకోలేదు" అన్నాడు. అప్పుడు కొడుకు చేతిలోని రుమాలు చూశాడు. "అది తుడవకురా."

"నాన్నా, ఇంటికి వెళ్లు."

"వాన పడ్డాక ఎడ్లకి మట్టిబొట్టు పెట్టకపోతే ఎట్లా? చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని నీ చేతే పెట్టించేవాణ్ణి. మరిచిపోయావా?"

"నాన్నా!"

డెల్ఫీనా గొంతు తగ్గించింది. "దోన్ ఫకుందో, సాంతోని మీరే తిప్పారా?"

"నేనే. ఇందాక, మీరు సంఘం గదిలో ఉన్నప్పుడు. రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. బయట వాన కురుస్తూనే ఉంది. ఆయన పని ఆయన చేశాడు. ఇంకా గోడకేసి నిలబెడితే అలిగి, మళ్లీ కురిపించడు. తిప్పాల్సింది ఎలిసియో. వాడు రాడని నాకంటే బాగా తెలిసినవాళ్లెవరు?"

"ఇంకొక్క మాట మాట్లాడకు" అన్నాడు ఒర్లాండో. అది కెప్టెన్ గొంతు కాదు.

"మాట్లాడనీ" అంది డెల్ఫీనా.

ముసలాయన సూటు సంగతి మరిచిపోయి బల్ల అంచు పట్టుకున్నాడు. "నా తూముకి గొలుసు వేశాడు. నీ వంతు కాదన్నాడు. కాదు, నిజమే. కళ్లముందు మొక్కజొన్న మాడిపోతుంటే వంతులు చూస్తామా? ఇక్కడికే వచ్చి అడిగాను. సాంతోని చూపించాడు. 'ఆయన్నే ఇట్లా నిలబెట్టాను, నువ్వెంత' అన్నాడు. తూము దాకా వెంట వెళ్లి మళ్లీ అడిగాను. నవ్వి వెనక్కి తిరిగాడు. పార నా చేతిలోనే ఉంది." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "నేను ఇంటికి చేరకముందే చినుకు పడిందమ్మా. ఇంకాస్త ముందు పడి ఉంటే ఇద్దరం వరండాలో కూర్చుని కాఫీ తాగేవాళ్లం."

"మరి అమరాంతె? మీ బదులు వాడు జైలుకి వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"మావాడు పెద్ద పోలీసు కదా, వాణ్ణి ఎలాగో వదిలేస్తాడనుకున్నాను."

ఒర్లాండో భుజం మీది రేడియో గరగరలాడింది. "కెప్టెన్, బండి వచ్చేసింది. కింతానాని ఎక్కించాం. పెళ్లాం బండికి అడ్డంగా కూర్చుంది. పక్కకి జరిపి బయల్దేరమంటారా?"

ముగ్గురూ ఆ గొంతునే విన్నారు. ఒర్లాండో రేడియో బొత్తాం మీద వేలు పెట్టాడు. తండ్రిని చూశాడు. ఎడ్ల నొసళ్ల మీది ఎర్రమట్టిని చూశాడు.

"ఒర్లాండో, దింపమని చెప్పు. అంతే. మిగతాది మనం చూసుకుందాం" అంది డెల్ఫీనా.

"బయల్దేరండి" అన్నాడతను రేడియోలో. "ఆవిణ్ణి మెల్లిగా లేపండి. నేను వెనక వస్తాను."

"ఒరే, అది తప్పురా!" ఫకుందో బల్ల వదిలి ముందుకొచ్చాడు.

ఒర్లాండో తండ్రి చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు. వంటింటి తలుపు మూసి లోపల నుంచి తాళం వేశాడు. ముందు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. బయట వాన మళ్లీ మొదలైంది. రేకు కప్పు మీద ఎవరో గులకరాళ్లు గుమ్మరిస్తున్నట్టుంది.

"నీ ఫోన్ ఇలా ఇవ్వు, అరగోన్."

"ఇవ్వను."

"అందులో ఉన్నది ఒక్క ఫోటో. నువ్వు విన్నది ఒక మతిలేని ముసలాయన మాట. ఇవ్వు."

"ఫోటో కోసం కాదు కదా అడుగుతున్నావు. నేను ఎవరికైనా ఫోన్ చేస్తానని" అంది డెల్ఫీనా. ఫోన్ ఆమె పిడికిలిలో ఉంది. చూడకుండానే బొటనవేలితో అంకెల కోసం తడుముతోంది.

ఫకుందో నెమ్మదిగా నడిచి వచ్చి ఆమెకి ముందు, కొడుక్కి ఎదురుగా నిలబడ్డాడు. "ఇంక చాలురా. నా బురద నువ్వు పూసుకోకు."

ఒర్లాండో చెయ్యి నడుము దగ్గరికి జారింది. వాన హోరులో కూడా ఒర బొత్తాం టప్పున ఊడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. అతని కళ్లు తండ్రి మీదా లేవు, డెల్ఫీనా మీదా లేవు. తుపాకీ బయటికి వచ్చింది. అది ఎవరి కోసమో, అప్పటికి అతనికీ తెలిసినట్టు లేదు.